రూతు నిద్రపోయాక కనిపించిన గీతలు

2006 మార్చి, ఆదివారం, ఉదయం పదకొండు. బీదర్‌లో నేను ఈఈజీ టెక్నీషియన్‌గా పనిచేసే క్లినిక్, వెనుక గది. ఉన్నవి: ఈఈజీ యంత్రం, కంప్యూటర్, ఇరవై ఒక్క ఎలక్ట్రోడ్లు, పేస్టు డబ్బా, ఇనుప మంచం. ఉన్నవాళ్ళు: నేను, ఎనిమిదేళ్ళ రూతు, ఆమె తల్లి శాంతమ్మ. హైదరాబాదు నుంచి వారానికొకసారి వచ్చే న్యూరాలజిస్టు ముందు గదిలో ఉన్నారు.

శాంతమ్మది బీదర్ దగ్గరి బగ్దల్ ఊరు. బీదర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త హైదరాబాదులో కొత్తగా లేస్తున్న అద్దాల భవనాలకు సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. రూతుకు పుట్టిన వారంలోనే మెదడులో రక్తస్రావమైంది. ఏడాదికి రెండు మూడుసార్లు ఫిట్స్ వచ్చేవి. ఈ మధ్య నేర్చుకున్న కన్నడ అక్షరాలు మరిచిపోతోంది, మాటలూ తగ్గాయి. ఇది జబ్బని డాక్టరు కాగితం తెస్తేనే జూన్‌లో బడిలో ఉంచుకుంటానని హెడ్‌మాస్టర్ చెప్పాడట.

ఈఈజీ అంటే మెదడులోని విద్యుత్తును తల మీది నుంచి గీతలుగా తీయడం. ఎలక్ట్రోడ్లు అతుక్కోవాలంటే తల శుభ్రంగా ఉండాలి. రూతు రెండు జడలూ కొబ్బరినూనెతో నిగనిగలాడుతున్నాయి. పరీక్షకు ముందు ఇచ్చిన సూచనల కాగితం చదవలేదా అని కాస్త గట్టిగానే అడిగాను.

శాంతమ్మ కాగితం తీసి నా ముందు పెట్టింది. "తలకు తానం చేయించమన్రు, చేయించిన. నూనె వద్దని యాడ రాసిన్రు, సూపెట్టుండ్రి. ఎండు జుట్టుతోని ఆడపిల్లను ఊరు దాటిస్తరా సారూ ఎవరన్న?"

తొమ్మిది సూచనలున్న ఆ కాగితం రాసింది నేనే. నూనె మాట అందులో లేదు. పెరట్లో వేడినీళ్ళతో మళ్ళీ తల కడిగించి, ఎండలో ఆరబెట్టించాను.

మెలకువలో ఇరవై నిమిషాల రికార్డింగులో నాలుగే స్పైకులు, అంటే సూదిమొన లాంటి అలలు. "దాదాపు నార్మల్" అని రాసుకుని ఎలక్ట్రోడ్లు తీయబోయాను. తలస్నానం మహిమ, రూతుకు అప్పటికే నిద్ర పట్టింది.

శాంతమ్మ నా చెయ్యి ఆపింది. "లేపకుండ్రి సారూ. జర సేపు పండనీయుండ్రి. పొద్దుగాల లేస్తే నిన్న సదివింది యాదికుండదు, గందుకే ఏడుస్తది."

ఆ మాటకు యంత్రం ఆపలేదు. ఏడెనిమిది నిమిషాల్లో తెర నిండిపోయింది. అన్ని గీతల్లోనూ, రెండు వైపులా, తెరిపి లేకుండా స్పైకులు. అయినా పిల్ల కదలకుండా పడుకునే ఉంది.

డాక్టరును పిలిచాను. అంతకుముందు తీసిన ఎమ్మారై స్కానులో దెబ్బ ఎడమ థాలమస్‌లో మాత్రమే ఉంది కదా, అలలు రెండు వైపులా ఎందుకని అడిగాను. థాలమస్ మెదడు నడుమ ఉండి, నిద్రలో మెదడంతటికీ లయ అందించే భాగమని ఆయన చెప్పారు. "చెడింది ఒక పక్కే. కానీ తప్పిన లయ అంతటా పాకుతుంది. నేర్చుకున్నది గట్టిపడేది నిద్రలోనే. ఈ పిల్ల పగలు నేర్చుకున్నది రాత్రి నిలవడం లేదు."

శాంతమ్మ ఒక్కటే అడిగింది. "అయితె నా బిడ్డ మొద్దు గాదు?"

"కాదమ్మా. జబ్బు."

మందు మార్చారు. బడికి కాగితం రాసిచ్చారు. నేను సూచనల్లో నూనె వద్దని పదోది చేర్చాను. మెలకువలో తీసిన రికార్డింగు ఒక్కటే చూసి నార్మల్ అని రాయడం ఆ రోజుతో మానేశాను.

జూలైలో రూతు బడి యూనిఫాంలోనే వచ్చింది. మళ్ళీ నిద్రలోనే తీశాను. మార్చిలో వంద సెకన్ల నిద్రకు స్పైకులున్నవి ఎనభై ఆరు సెకన్లు. జూలైలో ముప్పై ఒకటి.