యాదగిరి సారు మాడిన బల్బు

మొన్న దేవుడి గూటిలోకి జీరో బల్బు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఉన్న ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు బల్బును గల్లా పక్కనున్న హోల్డర్లో పెట్టి స్విచ్చి నొక్కాడు. ఎర్రటి వెలుగు, దానితోపాటు వేడెక్కిన దుమ్ము వాసన. "వెలిగింది, చూస్కోండ్రి మేడం. మల్ల వాపస్ తీస్కోం" అన్నాడు. నేను తల తిప్పుకున్నాను. దుకాణంలో నిలబడి వెలిగే బల్బును చూడాలంటే నాకు సిగ్గు. యాదగిరి సారు బతికున్నారో లేదో కూడా తెలియదు గానీ, ఆ సిగ్గు మాత్రం ఆయన దగ్గర సంపాదించుకున్నదే.

బీఎస్సీ పూర్తిచేసి తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఎల్బీ నగర్‌లో ఒక సంస్థలో చేరాను. సర్కారు బడి పిల్లలకు సాయంత్రాలు సైన్సు క్లబ్బులు నడపడం, పిల్లలు ఎంత ఎదిగారో సర్వే చేయడం వాళ్ల పని. ఫారాలు పట్టుకుని బడులకు తిరగడం నా పని. సర్వే తయారుచేసింది యాదగిరి సారు. పోచంపల్లి నేత కుటుంబం, రిటైరైన సైన్సు టీచరు. ఫారంలో "నాకు సైన్సంటే ఇష్టం", "కష్టమైన పని మధ్యలో వదలను" లాంటి వాక్యాలు, ఒక్కోదానికి ఐదేసి గళ్లు ఉండేవి. పిల్లలు దాన్ని పరీక్ష అనుకుని అన్నింటికీ మంచి గడిలోనే టిక్కు పెట్టేవారు. అందుకే సారుకు కాగితం మీద నమ్మకం లేదు. ఆయన అసలు సర్వే ఒక రేకు డబ్బాలో ఉండేది. ఒక సెల్లు, రెండు వైరు ముక్కలు, రెండు టార్చి బల్బులు. వాటిలో ఒకటి కావాలనే మాడిపోయినది. పిల్లల చేతికి ముందు దాన్నే ఇవ్వాలి. వెలగనప్పుడు నోరు మూసుకుని, మనసులో ఇరవై లెక్కపెట్టి, వాళ్లు చేసింది చేసినట్టు రాయాలి.

బాటసింగారం బడిలో మొదటిరోజే నేను ఆగలేకపోయాను. బిక్కమొహం వేసిన పిల్లను చూసి జాలేసి, "ఇంకో బల్బు పెట్టి చూడమ్మా" అన్నాను. సారు ఆ ఫారం నా చేతిలోంచి తీసుకుని అడ్డంగా గీత కొట్టారు.

"ఇది ఆ పిల్ల జవాబు గాదు, నీ జవాబు" అన్నారు. తిరుగుదారిలో బస్సులో మెత్తబడ్డారు. "మా నాయిన నన్ను మగ్గం మీద కూసోబెట్టి, ఎట్ల నేస్తున్ననో చూడలేదు బిడ్డా. పోగు తెగినంక ఏం జేస్తనో చూసిండు. గదే నేను అడుగుతున్న."

ఆ మాట నాకు మలక్‌పేట బడిలో అర్థమైంది. ఆఫ్రీన్ అనే ఎనిమిదో తరగతి పిల్ల బల్బు వెలగకపోతే వైర్లు తిప్పింది, సెల్లు తిరగేసింది, చివరికి రెండో బల్బు పెట్టి వెలిగించింది. అంతటితో ఆగకుండా దాన్ని తీసి, మాడిన బల్బు మళ్లీ పెట్టింది. "మల్లెందుకు పెట్టినవ్?" అని సారు అడిగారు. "బల్బే ఖరాబైందని పక్కా తెల్వాలె గదా సార్" అంది. ఆ రోజు సారు నాతో మాట్లాడిన ప్రతి మాటలోనూ ఆఫ్రీనే.

రెండో ఏడాది చివర నిధులిచ్చేవాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. డైరెక్టర్ గారు నన్ను ఒక్కదాన్నే పిలిచారు. "శైలజా, ఇన్నాళ్లు క్లబ్బులు నడిపాక కూడా పిల్లలు బల్బు వెలిగించలేకపోతే వాళ్లకి ఏం చూపిస్తాం? అయినా పాడైన బల్బిచ్చి పరీక్షేంటమ్మా? మంచివి పెట్టేయ్. సూపర్‌వైజర్ పోస్టుకి నీ పేరే అనుకుంటున్నాను." నాకు మాడిన బల్బు ఎందుకో తెలుసు. ఆయనకు చెప్పగలను కూడా. చెప్పలేదు. ఈ సందులోని ఈ దుకాణంలోనే టార్చి బల్బులు కొన్నాను, ఒక్కోదాన్నీ వెలిగించి చూసి మరీ.

ఆ విడత పిల్లలందరూ మొదటిసారికే బల్బు వెలిగించారు. ఆఫ్రీన్‌కూ పక్కపిల్లకూ తేడా లేదు. ఫారాలు చూడగానే సారుకు తెలిసిపోయింది. డైరెక్టర్ గారి గదిలో, ఆయన ఎదుటే, డబ్బా తెరిచి నా ముందు పెట్టారు.

"బల్బులు ఎవరు మార్చిన్రు బిడ్డా?"

ఆయన బొటనవేలు వేళ్ల కణుపుల మీద కదులుతోంది. లెక్కపెడుతున్నారు. నేనూ లెక్కపెట్టాను. డైరెక్టర్ గారు ఫైల్లోంచి తల ఎత్తలేదు. ఇరవై అయింది.

"తెలియదు సార్" అన్నాను.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద తన ప్రశ్నా నా జవాబూ ఉన్నదున్నట్టు రాసి, సంతకం చేసి ఫైల్లో పెట్టారు. డబ్బాల విషయంలో అజాగ్రత్త అని ఆ నెలాఖరుకే ఆయన్ని వద్దన్నారు. నాకు సూపర్‌వైజర్ పోస్టు వచ్చింది. పిల్లలు నేర్చుకోవాల్సిందంతా నేర్చేసుకున్నారని రిపోర్టు వెళ్లింది. నిధులిచ్చేవాళ్లు చాలా సంతోషించి, ఇక్కడ పని పూర్తయింది కదా అని క్లబ్బులు మూసేశారు. మలక్‌పేట బడికి సామాను తేవడానికి నేనే వెళ్లాను. ఆఫ్రీన్ గుమ్మంలో నిలబడి, "మేం ఏం తప్పు చేసినం మేడం?" అని అడిగింది. నేను డబ్బాలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

సారు మీద కూడా కోపం ఉంది నాకు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని, ఏడ్చేదాన్ని, నిజం కక్కేదాన్ని. ఆయన ఆ సాయం కూడా చేయలేదు. నా జవాబు నన్నే చెప్పనిచ్చారు.

ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. లెక్క రాక ఏ పిల్లయినా ఆగిపోతే, నేను నోరు మూసుకుని వేళ్ల కణుపులు లెక్కపెడతాను. ఇరవై లోపు పిల్లలు ఏదో ఒకటి ప్రయత్నిస్తారు. తప్పో ఒప్పో, ఏదో ఒకటి. ఇరవై దాకా ఊరికే నిలబడిన మనిషిని ఇన్నేళ్లలో నన్నొక్కదాన్నే చూశాను.