అమ్మ గొంతున్న క్యాసెట్

అమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదువుకుంది. అక్కడి పిల్లలతో ఎవరో క్రిస్మస్ పాటలు పాడించి రికార్డు చేశారు. ఆ క్యాసెట్ అమ్మ దగ్గర ఉండేది. నారాయణఖేడ్‌లో సీడీల దుకాణాలు వచ్చాక కూడా డిసెంబర్ మొదలైతే మా ఇంట్లో అదే మోగేది. గరగరల మధ్య పసిగొంతులు, తప్పిన తాళం. ఒక పాట మాత్రం అమ్మ, ఇంకో పిల్లవాడు కలిసి పాడారు. అది వచ్చినప్పుడు అమ్మ చేతిలో పని ఆపేసేది.

నాన్నకు అది గిట్టేది కాదు. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, కల్హేర్ అంగడి నుంచి మధ్యాహ్నమే తాగి వచ్చాడు. అమ్మ రొట్టెలు చేస్తోంది, ఆ పాటే నడుస్తోంది. గడపలో నిలబడి కాసేపు విన్నాడు.

"గీ పాడెటోడు ఎవడు?" అన్నాడు.

హాస్టల్ పిల్లవాడని, అప్పుడు ఇద్దరూ చిన్నపిల్లలని, ఇప్పుడతను ఎక్కడున్నాడో కూడా తెలియదని అమ్మ చెప్పింది. అంతకుముందూ చాలాసార్లు చెప్పిన మాటే.

"మరి వాని గొంతు ఇనుకుంట ఎందుకు నవ్వుతున్నవ్?"

అమ్మ పెనం మీది రొట్టె తిప్పింది. నాన్న టేప్‌రికార్డర్ ఎత్తి ఆమె మీదికి విసిరాడు. అడ్డుపెట్టిన చేతిలో ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. కిందపడిన క్యాసెట్‌ను మడమతో తొక్కి, రీలు పీకి పొయ్యిలో వేశాడు. ఇల్లంతా కాలిన కంపు. అమ్మ జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. సున్నం మీద నెత్తురు అంటుకుంది. నేను అతని చెయ్యి కొరికాను. విదిలిస్తే పోయి జొన్నల బస్తా మీద పడ్డాను.

పెరట్లో కారం దంచుతున్న నాయనమ్మ, నాన్న కన్నతల్లి, రోకలితోనే లోపలికి వచ్చింది. మాటా పలుకూ లేకుండా కొడుకు మోకాలి మీద కొట్టింది. కూలిపోయాడు. లేవబోతే భుజం మీద ఇంకోటి వేసింది.

"నీ నాయన కొడ్తే నేను పడ్డ. గీమె పడది," అంది.

ఇద్దరినీ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. జారిపడ్డానని అమ్మ చెప్పబోయింది. నాయనమ్మ ఆమెను ఆపింది.

"గీమెను వీడు కొట్టిండు. వీన్ని నేను కొట్టిన," అని డాక్టరుకు చెప్పింది. నాన్న నేలచూపులు చూశాడు.

ఆ క్రిస్మస్‌కు అమ్మ చేతికట్టుతోనే చర్చికి వచ్చింది. నాన్న కుంటుకుంటూ వచ్చి బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. ఎవరూ లోపలికి పిలవలేదు. ఆ పాటలున్న ఇంకో క్యాసెట్ కోసం అమ్మ హాస్టల్లో అడిగింది, తనతో చదివినవాళ్లను అడిగింది. దొరకలేదు.

తర్వాత కూడా నాన్న చెయ్యెత్తేవాడు. తల్లి వైపు చూసి దించేవాడు. నాయనమ్మ చనిపోయిన ఏడాదే అమ్మను మళ్లీ కొట్టాడు. మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను తీసుకుని బస్ డిపో వెనక ఒక గదిలోకి మారింది. నాన్న వచ్చి తలుపు తన్నాడు, వీధిలో నిలబడి తిట్టాడు. అమ్మ గడియ సరిచూసి, పరీక్షలకు చదువుకోమంది.