పర్వాలేదు అంటే ఎంత?

మా పిన్ని ఆసుపత్రి అత్యవసర విభాగంలో పెద్ద నర్సు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి, ఎవరు ముందు లోపలికి వెళ్ళాలో, ఎవరు కూర్చోవచ్చో చెప్పడం ఆవిడ పని. ఇంట్లో మాత్రం కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతుకుతుంది.

ఆ మధ్య ఆసుపత్రిలో పిన్ని చేసే ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేయడానికి ఒక ఇంజనీరు వచ్చాడు.

"జబ్బు ఉందా లేదా అని కాదు సిస్టర్. 'కాస్త నలతగా ఉంది' అంటారు చూడండి, అది సున్నాకీ పదికీ మధ్య ఎంత?"

"మూడు. మా ఆయన అంటే సున్నా."

"'బాగా నీరసం'?"

"ఏడు. ఆరు కూడా కావచ్చు. గీత గీసినట్టు ఉండదు బాబూ."

"నాక్కావలసిందీ అదే. ఒకే మనిషి కొంత ఇందులో, కొంత అందులో ఉండొచ్చు. యంత్రం అన్నీ కలిపి తూస్తుంది."

ఇలా మాటలకి అంకెలు వేసిన వైనమంతా పిన్ని ఇంటికొచ్చి చెప్పి మమ్మల్ని నవ్వించేది.

మొన్న అమ్మమ్మ నలతగా ఉందంటే నేనే తీసుకెళ్ళాను. పిన్ని పై అంతస్తులో ఉంది. కౌంటర్లో అమ్మాయి, "ఎలా ఉంది మామ్మగారూ?" అని అడిగింది.

"ఎడమ చెయ్యి కాస్త లాగుతోంది. పర్వాలేదమ్మా."

ఆ అమ్మాయి ఆ మాటలే కొత్త యంత్రంలో కొడితే, అది పచ్చ చీటీ ఇచ్చింది. అంటే తొందరేం లేదని. బెంచీ మీద కూర్చున్నాం.

మెట్లు దిగుతున్న పిన్ని మమ్మల్ని చూసి ఆగిపోయింది. గబగబా వచ్చి అమ్మమ్మ మెడమీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. "స్ట్రెచర్," అంది, అంతే.

గుండెపోటు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

పిన్ని తిన్నగా ఇంజనీరు గదికి వెళ్ళింది. వెనకే నేనూ.

"మా అమ్మకి పచ్చ ఎందుకిచ్చింది?"

అతను కంప్యూటర్లో చూశాడు. "'కాస్త లాగుతోంది' రెండు. 'పర్వాలేదు' ఒకటి. రెండూ కలిపి తూస్తే..." తల ఎత్తలేదు. "ఆ అంకెలు మీరిచ్చినవే సిస్టర్."

తాతయ్య పోయిన రోజున కూడా అమ్మమ్మ వచ్చినవాళ్ళందరికీ పర్వాలేదనే చెప్పింది. పక్కనే కూర్చుని విన్నది పిన్నే. ఆ మాటకి ఒకటి ఎలా వేసిందో ఆవిడకే అంతుపట్టడం లేదు.

"మార్చేస్తాను. ఎంత పెట్టమంటారు?"

"పొద్దుట్నుంచి పర్వాలేదన్నవాళ్ళు ఇంకెంతమంది?" అంది పిన్ని.

అతను వెతకడం మొదలుపెట్టేసరికే పిన్ని గదిలో లేదు. నేను వెళ్ళేసరికి బెంచీల ముందు వంగి, పచ్చ చీటీలు పట్టుకున్న ఒక్కొక్కరి మెడమీదా చెయ్యి వేసి చూస్తోంది.