మందు, డ్యూటీ

1948 వానాకాలం చివర నేను నిజాం సర్కారు పటాలంలో నర్సింగ్ ఆర్డర్లీని. హోదా లాన్స్ నాయక్, అంటే సిపాయి కంటే ఒక్క మెట్టు పైన. మా యుద్ధం మొదలైందో లేదో ముగిసింది. వికారాబాద్ దగ్గర భారత సైన్యానికి తుపాకులు అప్పగించిన అరవై మందిమి తాండూరులో ఖాళీ కందుల గోదాములో ఖైదీలమయ్యాం. డాక్టరు లేడు. నా సంచిలో థర్మామీటరు, క్వినైను, టింక్చరు, ఆముదం ఉన్నాయి. అందుకని అందరూ నన్నే డాక్టర్ సాబ్ అన్నారు. నేనూ కాదనలేదు.

పటాలంలో రోజూ పొద్దున 'సిక్ పరేడ్' ఉంటుంది. ఒంట్లో బాగాలేనివాళ్లు వరసలో నిలబడితే చూసి, రిజిస్టరులో పేరు పక్కన ఆస్పత్రి అనో, విశ్రాంతి అనో, 'మందు, డ్యూటీ' అనో రాయాలి. చివరిది ఏ జబ్బూ లేకుండా వచ్చేవాళ్లకు. ఒక గుక్క చేదు తాగించి పనిలోకి తోలడమన్నమాట. గోదాములో పొద్దుపోక సగం మంది నా ముందు నిలబడ్డారు. ఆరేళ్ల అలవాటు కొద్దీ ముప్ఫై ఒక్కరికి 'మందు, డ్యూటీ' రాసి సంతకం పెట్టాను. ఖైదీకి డ్యూటీ ఏమిటన్న ఆలోచనే రాలేదు.

రిజిస్టరు కాపలా సుబేదారుకు వెళ్లింది. వాళ్ల సైన్యంలోనూ అవే రిజిస్టర్లు, అవే మాటలు. మర్నాడు తెల్లారేసరికి ముప్ఫై ఒక్క పారలు వచ్చాయి. మరుగుదొడ్లకు కందకాలు తవ్వమన్నాడు. తాండూరు నేల మూరెడు మట్టి, దాని కింద నాపరాయి.

తర్వాత రెండు రోజులు సిక్ పరేడుకు పురుగు కూడా రాలేదు. సుబేదారు నా వైద్యాన్ని మెచ్చుకున్నాడు. నేను కాస్త పొంగాను కూడా. మూడో రోజు మూలన రెండు దుప్పట్ల కింద వణుకుతున్న సిపాయి బాలయ్య కనిపించాడు, దోమ అనే ఊరివాడు.

"జరం గిట్ల ఏం లేదు సాబ్. జర సలి పెడ్తుంది," అన్నాడు.

థర్మామీటరు నూట నాలుగు చూపింది. ఎందుకు చెప్పలేదని కసిరాను.

"నీ బుక్కుల పేరెక్కితె పార ఇస్తరు. పార లేపే తాకత్ లేదు నాకు."

నాకు నిజంగా భయం వేసింది. వాడు చచ్చిపోతే చంపింది మలేరియా కాదు, నా రాత. క్వినైను పట్టించి గోదామంతా వెతికితే జిగట విరేచనాలు దాచుకున్నవాళ్లు మరో ఇద్దరు దొరికారు.

మర్నాడు రిజిస్టరులో మొదట నా పేరే రాసుకుని, పక్కన 'మందు, డ్యూటీ' పెట్టాను. అందరూ చూస్తుండగా ఆముదం తాగి, పార పుచ్చుకున్నాను. ఆ రెండూ ఒకే రోజు చేయకూడదని గంటలో తెలిసింది. సగం తవ్విన కందకాన్ని మొదట వాడుకున్నది నేనే. గోదాము గోదామంతా విరగబడి నవ్వింది. నీ జబ్బేమిటని సుబేదారు అడిగితే, అలవాటు సాబ్ అన్నాను.

తర్వాతి పొద్దున పన్నెండు మంది వరసలో నిలబడ్డారు. ఇద్దరి భుజాల మీద బాలయ్య కూడా వచ్చాడు. 'విశ్రాంతి' అని రాసి, రిజిస్టరు సుబేదారు దగ్గరికి నేనే తీసుకెళ్లి చూపించాను. బాలయ్య బతికాడు.

విడుదలయ్యాక వికారాబాద్‌లో ఓ దవాఖానలో కాంపౌండరుగా కుదిరి, 1960ల చివర రిటైరయ్యాను. బాలయ్య అక్కడికీ వచ్చేవాడు. "ముందుగాల బుక్కు సూపెట్టు సాబ్, ఏం రాస్తున్నవో," అని, చూశాకే సూదికి చెయ్యి అందించేవాడు. మిగతా రోగులకు కూడా రిజిస్టరును వాళ్ల వైపు తిప్పి, చదివి వినిపించాకే సంతకం పెట్టడం అప్పటినుంచి నా పద్ధతి.