గోడ అవతలి పోపు

సుసన్న ముక్కుల్లో దూది పెట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకుంది. కిటికీకి గొళ్లెం వేసి, రెక్కల సందులో పాత చీర ముక్క కుక్కింది. టీవీ మీద దవాఖానలో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూడు గొట్టాలు, ఒక్కో గొట్టంలో ఒక్కో బంతి, గాలి పీల్చడానికి పక్కన ఒక పైపు. బంతులు మూడూ అడుగునే ఉన్నాయి.

ఇబ్రహీంపట్నంలో ఆమె వంట ఎరగని ఇంజనీరింగ్ పిల్లలు తక్కువ. ఆటో నడిపే భర్త ఇమ్మానుయేలు పోయాక, ముందు గదిలో రెండు బల్లలు వేసి శేరిగూడ కాలేజీల పిల్లలకు మెస్సు మొదలుపెట్టింది. తనకంటూ పిల్లల్లేరు. మెస్సుకు బోర్డు కూడా రాయించలేదు. పప్పులో పోపు పడితే ఆ ఘాటు రోడ్డు దాకా పోయేది. బస్సు దిగిన పిల్లలు "అక్క పోపేసింది రా" అనుకుంటూ అటే వచ్చేవారు.

ఇప్పుడు ఆ వాసనంటేనే ఆమెకు భయం.

పిత్తాశయంలో రాళ్లని పక్కటెముకల కింద కోసి కుట్లు వేశారు. ఇంటికి తీసుకొచ్చిన చెల్లెలు మరియ బడంగ్‌పేట్‌లో ఒక బడిలో ఆయా. సెలవు అయిపోయి వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది.

"పోపు వాసన తగిలితే కుట్లు చీము పడ్తయి. అమ్మ చెప్పేది, యాదికుందా? ముక్కుల దూది తియ్యకు. దగ్గకు, కుట్లు ఊడ్తయి. ఆ బంతుల డబ్బా నిమ్మళంగ చేద్దువు తియ్యి."

దవాఖానలో ఊపిరి కసరత్తులు నేర్పే పూజిత చెప్పింది వేరు. "ఊదుడు కాదమ్మా, లోపలికి గుంజుడు. గంటగంటకు గుంజాలె. కడుపుకు తలకింది మెత్త అదిమిపట్టి దగ్గాలె. నొప్పికి భయపడి పైపైన పీలిస్తే ఊపిరితిత్తులు కింద మూసుకపోతయి. కళ్లె పేరుకుంటది."

ఇంటికొచ్చిన మర్నాడు సుసన్న ఒకసారి గుంజింది. ఒక బంతి సగం దాకా లేచింది. అదే ఊపిరితో పక్కింటి ఎల్లిపాయ పోపు గొంతులోకి దిగింది. కుట్ల దగ్గర సలిపింది. చీము పడుతోందనే అనుకుంది. డబ్బా టీవీ మీదికెక్కింది.

"నర్మదా! నా కుట్లు మానేదాక జర పోపు వాసన ఇటు రానియ్యకే!" అని గోడకు ఇటునుంచే పక్కింటామెకు చెప్పింది. "సరే అక్కా" అని అటునుంచి వినిపించింది. ఆ తర్వాత వాసన రాలేదు. మనిషీ రాలేదు.

జావ కాచుకుని తాగి పడుకునేది. బస్సు ఆగడం వినిపించేది. పిల్లల మాటలు దగ్గరయ్యేవి, ఇంటి ముందు నుంచి దూరమయ్యేవి. ఒకరోజు ఎవరో "అక్క మెస్సు బందయిందిరా" అన్నారు. కాలేదని కేకేద్దామనుకుంది. అంత గాలి లోపల లేదు.

కట్టు మార్పించుకోవడానికి ఒక్కతే ఆటోలో దవాఖానకు పోతే, డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. కుట్లు బాగానే ఉన్నాయన్నాడు. "కింద గాలి పోతలేదు. జ్వరం కూడా మొదలైంది. మందులు రాస్తున్న గాని, నువ్వు ఊపిరి గుంజకపోతే మళ్ల పండుకోబెట్టుడే."

మళ్లీ ఆ వార్డు. అందరి మంచాల దగ్గరా టిఫిన్ డబ్బాలు తెరుచుకుంటుంటే, తనకు తెచ్చేవాళ్లు లేక గోడవైపు తిరిగి పడుకోవడం. ఇంటికొచ్చేదాకా సుసన్నకు అదే కళ్లముందు ఆడింది.

ఆ సాయంత్రం గోడ అవతల నర్మద కూతురు ఒకటే దగ్గింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. సుసన్న తీసి చూస్తే, పాపను చంకనేసుకుని నర్మద నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమనుకోకక్కా. ఇయ్యాల్టి నుంచి కిటికీ తెరుస్త."

"ఏం కిటికీ?"

"నీకు వాసన రావొద్దని అన్నీ మూసి వండుతున్న. మా ఆయన పోపు లేనిది ముద్ద మింగడు. పొగంత ఇంట్లనే తిరుగుతుంది. పిల్లకు దగ్గు పట్టింది. దాని రొమ్ము ఎట్ల లేస్తుందో చూసుకుంట కూసుంటున్న, నిద్ర పడ్తలేదు."

సుసన్న పాప వీపు మీద చెయ్యి వేసింది. దగ్గినప్పుడల్లా ఆ చిన్న వీపు అరచేతి కింద ఎగిరెగిరి పడింది.

"కిటికీ తెరిస్తే నా కుట్లు?"

"వాసన ఊపిరితిత్తులకు పోతది. ఆన్నుంచి కుట్లకు తొవ్వ ఏది? చీము పట్టేది మురికికి."

"నీకేమెరుక, నిన్ను కోసిండ్రా?"

"కోయకపోతే ఇదెట్ల పుట్టింది? మా అత్త నా ముక్కుల గూడ దూది కుక్కింది. తీసి పారేసిన."

"భయం కాలే?"

"మస్తయింది! ఇంటర్ దాక సైన్సు చదివి గూడ పొద్దుమాపు కుట్లు తడుముకున్న. ఏం కాలే."

"మరి నాకు ముందే చెప్పకపోతివి?"

"నువ్వు తలుపు తీసి ఉంచితె గద, వచ్చి చెప్పేది!"

పాప మళ్లీ దగ్గడంతో నర్మద వెళ్లిపోయింది.

సుసన్న కిటికీ దగ్గరికి పోయింది. చీర ముక్క లాగేసి, గొళ్లెం తీసింది. దూది తీసి పడేసింది. డబ్బా దించి తుడిచి, మంచం అంచున కూర్చుని పైపు నోట్లో పెట్టుకుంది.

మొదట నూనె వాసన వచ్చింది. వెంటనే ఎల్లిపాయ. ఆవాలు చిట్లనే లేదు, అప్పుడే ఎల్లిపాయ వేసింది ఈ పిల్ల! పైగా మెంతులు మాడుతున్నాయి. మంట తగ్గించమని చెప్పబోయింది. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. దగ్గు తన్నుకొచ్చింది. మెత్తను కుట్లకు అదిమిపట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గింది. కళ్లె తెగి వచ్చింది. కుట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మళ్లీ గుంజింది. ఒక బంతి పైకంటా లేచింది. రెండోది అడుగున వణికింది.

పైపు తీసి, కిటికీ వైపు తిరిగింది.

"నర్మదా! మంట తగ్గియ్యే! మాడుతుంది!"

గొంతు కిటికీ దాటింది. అవతల పాప ఏడుస్తోంది, పోపు మాడనే మాడింది. బయట బస్సు ఆగింది. సుసన్న పైపు మళ్లీ నోట్లో పెట్టుకుని, ఈసారి ఇంకొంచెం లోతుగా గుంజింది.