నిచ్చెన లేని ఓడ

మా మామయ్య నేవీలో చేసి రిటైరయ్యాక వేంసూరులో స్థిరపడ్డారు. ఆయనకు చూపు పోయాక, ఆయన పనిచేసిన ఓడను పాత ఫొటో చూసి వెదురు బద్దలతో తయారుచేశాను. సంబరపడతారని తెచ్చి ఒళ్లో పెట్టాను.

"ఇదేనమ్మా నా ఓడ!" అంటూ వేళ్లతో తడిమి మురిసిపోయారు. అంతలో చేతులు ఆగిపోయాయి.

"కిందికి దిగే నిచ్చెన ఏదమ్మా? ఇంజన్ రూములో మావోళ్లున్నరు. మంటలొస్తే పైకెట్ల వస్తరు?" అని భోరుమన్నారు.

ఒకప్పుడు ఆ ఓడలో నిప్పంటుకుని ఆయన స్నేహితులు పోయారట. ఆ సంగతి మా అత్తయ్యకు కూడా అప్పుడే తెలిసింది. ఫొటోలో కనిపించింది ఓడ పైభాగమే. లోపల మనుషులుంటారన్న ఊహే నాకు రాలేదు.

అగ్గిపుల్లలతో నిచ్చెన మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోగా ఆయన వెళ్లిపోయారు.

పర్ణశాల దగ్గర అస్థికలతోపాటు ఓడనూ గోదావరిలో వదిలాం. వదిలేముందు నిచ్చెన అతికించి, బరువు ఆపుతుందో లేదోనని వేలితో నొక్కి చూశాను.