మరైగూడ నుంచి ఆలస్యంగా అందిన ఫోటో

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. నేను కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్న గూడ్సు బండి నడిపేవాడు, మా సొంతూరు బొబ్బిలి దగ్గర. ఆ లైన్లో సొరంగాలెక్కువ, సొరంగానికో దయ్యం. తెల్లచీరతో పట్టాల మీద నిలబడే ఆవిడ గురించి చెబుతూ క్వార్టర్స్ పిల్లలంతా వణికిపోతుంటే, ఇన్నేళ్ళుగా ఆవిడకు ఆ ఒక్క చీరేనా అని అడిగి తిట్లు తిన్నదాన్ని. ఇప్పటికీ అలాంటివి నమ్మను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం మనసు రాలేదు.

నాది నెట్‌వర్క్ పని. జ్వరాల మీద పరిశోధన చేసే ఒక ప్రాజెక్టులో ఉద్యోగం. సుక్మా వైపు ఊళ్ళలో కొందరికి కిట్ పెట్టి చూస్తే మలేరియా లేదనే వస్తుంది, మనిషి మాత్రం పడిపోతాడు. అలాంటివాళ్ళ రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోప్‌లో ఫోటో తీసి విశాఖపట్నంలోని ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ డాక్టరు చూసి జబ్బేమిటో, మందేమిటో రాస్తుంది. ఆ జవాబు వస్తే ఇక్కడ వైద్యం మొదలవుతుంది.

ఆ ఫోటోలు చాలా పెద్దవి. మరైగూడలో బయలుదేరి, దోర్నపాల్‌లోని మా ఆఫీసు మీదుగా, గీదం, జగదల్‌పూర్ దాటి విశాఖ చేరాలి. దారిలో ఒక్కో ముక్క ఒక్కో కంపెనీది. ఎవరికి ఫోన్ చేసినా, "హమారీ తరఫ్ సబ్ ఠీక్ హై మేడమ్", మా వైపు అంతా బాగానే ఉంది అనేవారే. నిజమే, ఎవరి ముక్క వాళ్ళు పరీక్ష చేసుకుంటే బాగానే ఉండేది. ఈ చివర పెట్టిన ఫోటో మాత్రం ఆ చివర తేలేది కాదు, సగంలో ఆగిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

మరైగూడలో స్లైడ్లు చేసి ఫోటోలు తీసేది కుంజం లక్ష్మి. ఆ ఊరి దొర్ల తెగవాళ్ళ ఇంటి పిల్ల, పెళ్ళై అక్కడే ఉండిపోయింది. లైను పరీక్షించాలంటే రెండు చివర్లా ఇద్దరు మనుషులు ఫోన్ చెవిన పెట్టుకుని కూర్చోవాలి. ఒకరు పంపాలి, ఒకరు అందిందో లేదో చెప్పాలి. అలా గంటలకొద్దీ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ మేమిద్దరం దగ్గరయ్యాం.

"ఏందక్కా, మీ లైను మా ఆయన లెక్కనే ఉంది. పిలిస్తే పలుకుతది, పని జెప్తె కదలదు" అనేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

వాళ్ళ ఊళ్ళలో కొత్త మామిడికాయైనా, కొత్త పంటైనా పండుగ చేసి ముందు పెద్దలకు పెట్టనిదే ఎవరూ నోట పెట్టరు. పెద్దలంటే ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళు. ఎప్పటికైనా లైను బాగుపడితే ఆ రోజు కూడా అలాగే చేయాలని లక్ష్మి పట్టుబట్టింది. "ముందుగాల పంపింది పెద్దోళ్ళది అక్కా. దాన్ని ఎవ్వరు తెరవొద్దు. రెండోది మన పనికి" అంది. మీ పెద్దలు ఫోటోలు ఎందులో చూస్తారే అని ఆటపట్టిస్తే, అలిగి ఫోన్ పెట్టేసింది.

ఆ వానాకాలం లక్ష్మికే జ్వరం వచ్చింది.

వాగు పొంగి మరైగూడ దారి మూసుకుపోయింది. కిట్ మలేరియా లేదనే చూపించింది. తన వేలు తనే గుచ్చుకుని, తన స్లైడ్ తనే చేసుకుని, ఫోటో తీసి పంపింది. విశాఖకు ఆ ఫోటోలో పైనున్న సన్నటి పట్టీ మాత్రం అందింది. ఆ పట్టీలో ఏమీ లేదు. కిట్ లేదంటోంది, కనిపించినంతలో లేదు, అందుకని డాక్టరు టైఫాయిడ్ మందు చెప్పి, ఫోటో మళ్ళీ పంపమంది. లక్ష్మి పంపుతూనే ఉంది.

"అందిందా అక్కా?" అని అడిగిన ప్రతిసారీ నేను లేదనే చెప్పాను. చివరికి ఆమెకు మాట కూడా సరిగ్గా రావడం లేదు. "సరే, మళ్ల పంపుత" అంది. నీళ్ళు తగ్గాక మంచం మీద మోసుకొస్తుంటే దారిలోనే పోయింది. ఆమె కూతురు చిన్నది, ఇంకా మాటలు కూడా రాలేదు.

తర్వాత నేను పిచ్చిపట్టినట్టు ఆ దారంతా తిరిగాను. తప్పు గీదం దగ్గర లైను మధ్యలో ఉండే ఒక పెట్టెలో దొరికింది. లైను మీద పంపేది ఏదైనా ముక్కలుగానే వెళ్తుంది; ఆ పెట్టె చిన్న ముక్కల్ని దాటనిచ్చి, పెద్దవాటిని ఎవరికీ చెప్పకుండా పారేస్తోంది. కంపెనీలవాళ్ళు పరీక్షకు పంపేవన్నీ చిన్నవే, అందుకే అందరికీ ఠీక్. సరిచేయడానికి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. గీదం బస్టాండులో కూర్చుని అందరూ చూస్తుండగా ఏడ్చాను.

కంపెనీల కాగితాలన్నీ తేలి లైను మాకు అప్పగించే రోజుకు మామిడికాయలు వచ్చేశాయి. దోర్నపాల్ సంతలో కొన్ని కొని, ఆఫీసు బల్ల మీద పెట్టి ఫోటో తీశాను. లక్ష్మి చెప్పినట్టే, మొదటిది తెరవొద్దని విశాఖ డాక్టరుకు ముందే చెప్పాను. ఎందుకని ఆవిడ అడగలేదు. పొద్దున్న పదకొండు దాటింది, బయట లారీల మోత. ఫోటో పంపాను.

కాసేపటికి ఆవిడ ఫోన్ చేసింది.

"మేరీ గారూ, తెరవొద్దన్నారు గానీ, వచ్చింది స్లైడండీ. స్లైడ్ తెరవకుండా ఎలా ఉంటాను?"

నేను పంపింది మామిడికాయలని చెప్పాను.

"అవి దీని వెనకాల వచ్చాయి" అంది.

మొదట వచ్చిన ఫోటో మీద, మరైగూడలో లక్ష్మి ఫోటోలు పంపిన మిషన్ పేరుంది. తారీఖు ఆ వానల నాటిది. ఆవిడ తన దగ్గరున్న పాత పట్టీ తెచ్చి పక్కన పెట్టి చూసింది. పై భాగం అచ్చంగా అదే. ఈసారి కింది భాగం కూడా ఉంది, దాని నిండా మలేరియా క్రిములు. "ఇది ఆ రోజు కనిపించి ఉంటే..." అని ఆగిపోయింది. ఆవిడ ఏడవడం నేను అప్పుడే విన్నాను.

మరైగూడ మిషన్ నా వెనక అల్మారాలో ఉంది. బ్యాటరీ ఉబ్బిపోతే నేనే తీసేశాను. డిస్కును ప్రాజెక్టు నియమం ప్రకారం చెరిపేశాం. దారిలో ఏదో పెట్టెలో ఆ ఫోటో దాగి ఉంటుందా అంటే, ఆ పెట్టెలు దేన్నీ నెలల తరబడి దాచుకోవు. అయినా అన్నీ వెతికించాను. లక్ష్మి పేరుతో ఎవరో ఆట పట్టించారా అంటే, ఆ పూర్తి ఫోటో ఆమె మిషన్‌లో తప్ప ఇంకెక్కడా ఎప్పుడూ ఉండలేదు.

వచ్చిన స్లైడ్‌కు జవాబు రాయకుండా వదిలేయడం ఆ డాక్టరుకు చేతకాదు. జబ్బు పేరు, సూది మందు పేరు, ఎంత ఇవ్వాలో రాసింది. సరైన సమయానికి మొదలుపెడితే పూర్తిగా నయమవుతుందని కూడా రాసి, మరైగూడకే పంపింది. అవతల జవాబు తెరిస్తే మా తెర మీద ఆకుపచ్చ గుర్తు పడుతుంది. నేను అల్మారా తలుపు తెరిచి ఆ మిషన్‌ను చూస్తూ నిలబడ్డాను. వైరు లేదు, బ్యాటరీ లేదు. తిరిగి తెర వైపు చూసేసరికి ఆకుపచ్చ గుర్తు పడి ఉంది.

మనసాగక మరైగూడ వెళ్ళి లక్ష్మి భర్త జోగయ్యకు చెప్పాను. అతను చింతపండు గింజలు తీస్తున్నాడు, చిన్నది పక్కన ఆడుకుంటోంది. ఆశ్చర్యపోతాడనుకున్నాను, పోలేదు.

"ఆమె పెద్దోళ్ళల్ల కలిసింది కద మేడమ్. ముందుగాలది ఆమెదే" అన్నాడు. చేతిలో గింజ పక్కన పడేసి, "జవాబుల ఏం రాసిండ్రు?" అని అడిగాడు. చదివి వినిపించాను. మందు పేరు మళ్ళీ చెప్పమన్నాడు, చెప్పాను. పెదాలతో ఒకసారి పలికి చూసుకుని, తల దించుకుని మళ్ళీ గింజలు తీయసాగాడు.

ఆ గుర్తు ఎలా పడిందో తెలిసినవాళ్ళందరినీ అడిగాను. నాకంటే పెద్ద ఇంజినీర్లు కూడా ఏమీ చెప్పలేకపోయారు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఒక్కటే బాధ. ఆ జవాబు తెరిచింది లక్ష్మే అయితే, తెరవకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది. తనది నయమయ్యే జబ్బేనని అందులో రాసి ఉంది.